బావ డబ్బా, బామ్మర్ది కొక్కెం: 7 నెలలు పక్కన పెట్టిన రెండు డైవింగ్ కిట్ల కేసు

నేను డైవింగ్ నేర్పిస్తా, సీజన్ అయిపోయాక రెగ్యులేటర్లు (ట్యాంక్ గాలి ప్రెషర్ దించి నోటికి అందించేవి) విప్పి సర్వీస్ చేస్తా, అంటే ఏడాదిలో సగం నీళ్ళలో, సగం బెంచ్ ముందు. బెంచ్ మీదకొచ్చే కేసులు చాలావరకు ఒకేలా ఉంటాయి, ఉప్పు, తుప్పు, ఎండిపోయిన ఓ రింగులు (గాలి లీకవ్వకుండా ఆపే రబ్బరు రింగులు), రాసుకునేంత ఏమీ ఉండదు. ఇది మాత్రం రాసి పెట్టుకోవాలనిపించింది, ఎందుకంటే ఇలాంటి పోలిక కావాలని పనిగట్టుకుని చేసినా కుదరదు. ఇద్దరు బావాబామ్మర్దులు, ఒకే రోజు ఒకే మోడల్ కిట్లు కొన్నారు, ఒకే బోటులో తిరిగారు, సీజన్ చివరికి ఇద్దరికీ చెరో 30 డైవులు అటూఇటూగా, ఆఖరి డైవ్ కూడా కలిసే చేశారు. ఆ తర్వాత 7 నెలలు ఎవరి ఇంట్లో వాళ్ళు పెట్టుకున్నారు. మళ్ళీ నీళ్ళలోకి దిగే వారం ముందు చెకింగ్‌కి ఇద్దరూ కలిసే తెచ్చారు.

బావ జాగ్రత్త మనిషి, మూత క్లిప్పులతో బిగించే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు, తెరిస్తే లోపల ప్రతిదీ విడివిడి కవర్లో ఉంది, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్), బీసీడీ (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్) అయితే గాలి లాగేసే వాక్యూమ్ కవర్లలో అట్టముక్కల్లా అయిపోయి ఉన్నాయి. బామ్మర్ది వస్తువులన్నీ చేతిలో వేలాడేసుకుని వచ్చాడు, దుమ్ము కూడా దులపలేదు. "నాది చూడక్కర్లేదు అన్నా, అది పోయే ఉంటుంది, బావది చూసి ఓకే చేసెయ్" అన్నాడు. బావ ఏమీ అనలేదు గానీ మొహంలో కాస్త గర్వం కనబడింది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా.

సాయంత్రానికి బావ రెగ్యులేటర్ పూర్తిగా విప్పాల్సొచ్చింది, ట్యాంక్ లోపల ఎర్రగా ఉంది, బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ ప్రాణం తీసే స్థితిలో ఉంది. బామ్మర్ది రెగ్యులేటర్‌కి మాత్రం చిన్న క్లీనింగ్‌తో సరిపోయింది. అలాగని బామ్మర్ది పద్ధతి కరెక్టని కాదు, అతని వైపు కూడా కొన్ని పోయాయి, అవి వేరే రకం. ఒక్కో వస్తువే తీసుకుని చెప్తా.

ముందు రెగ్యులేటర్. దీనికి రెండు భాగాలు, ట్యాంక్‌కి బిగించేది ఫస్ట్ స్టేజ్, నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్, రెండిటినీ కలిపే గొట్టం హోస్. చెకింగ్ ఎప్పుడూ నేను ప్రెషర్ లేకుండానే మొదలుపెడతా, ఫస్ట్ స్టేజ్ మూతికి డస్ట్ క్యాప్ అనే మూత బిగించి సెకండ్ స్టేజ్ నోట్లో పెట్టుకుని గాలి లాగితే ఏమీ రాకూడదు, వస్తే ఎక్కడో లీకున్నట్టు, ఇదే వాక్యూమ్ టెస్ట్. బావది పాసైంది. బామ్మర్దిది ఫెయిలైంది, సన్నగా గాలి వస్తోంది. అప్పుడు బామ్మర్ది "చెప్పానా" అన్నట్టు చూశాడు. కవర్ విప్పి, వదిలిన ఊపిరి బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర లైటేసి చూస్తే, పల్చటి ఆ సిలికాన్ వాల్వ్ అంచు కింద సన్నటి గోధుమరంగు ముల్లులాంటిది ఇరుక్కుని ఉంది, ట్వీజర్‌తో లాగితే బొద్దింక కాలు. మిగతా బొద్దింక డయాఫ్రమ్ అనే రబ్బరు పొర వెనకాల దొరికింది, ఎండిపోయి రెక్కలతో సహా. చీకటిగా, ఇరుకుగా, కాస్త తేమగా ఉండే గది, మౌత్‌పీస్ అనే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వాటికి ఇంతకన్నా మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది. సెకండ్ స్టేజ్‌లో పురుగులు దొరకడం నాకు ఇదే మొదటిసారి కాదు, కానీ ఎగ్జాస్ట్ వాల్వ్ కింద కాలు ఇరుక్కుని టెస్ట్ ఫెయిలవ్వడం మాత్రం మొదటిసారి. అదలాగే వేసుకుని దిగితే ప్రతి శ్వాసకీ కాస్త నీళ్ళు నోట్లోకొస్తాయి, ఎందుకో అర్థం కాక మనిషి కంగారు పడతాడు. కడిగి, డిసిన్ఫెక్ట్ చేసి, వాల్వ్ మార్చా, టెస్ట్ పాస్. 20 నిమిషాల పని.

తర్వాత రెండిటినీ ట్యాంక్‌కి తగిలించి ఐపీ గేజ్ పెట్టా. ఐపీ అంటే ఇంటర్మీడియట్ ప్రెషర్, ట్యాంక్‌లోని 200 బార్ ప్రెషర్‌ని ఫస్ట్ స్టేజ్ దించి హోస్‌లోకి పంపే ప్రెషర్, చాలా మోడల్స్‌లో 9 నుంచి 10 బార్ మధ్య ఉంటుంది. ఇక్కడ అసలు నంబర్ ఎంతన్నదానికన్నా అది నిలబడుతుందా లేదా అన్నది ముఖ్యం. బామ్మర్దిది 9.4 దగ్గర ఆగింది, 10 నిమిషాలు చూసినా సూది కదల్లేదు. బావది 9.6 దగ్గర మొదలై మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది, 10, 10.5, 11 దాటాక సెకండ్ స్టేజ్ సుయ్‌మని గాలి వదలడం మొదలైంది. దీన్నే మేం క్రీప్ అంటాం. ఫస్ట్ స్టేజ్ లోపల వాల్వ్‌ని మూసే సీటు అనే చిన్న ముక్క సరిగ్గా మూసుకోవట్లేదు, ట్యాంక్ గాలి కొద్దికొద్దిగా హోస్‌లోకి దూరుతోంది, ఆ పెరిగిన ప్రెషర్‌కి సెకండ్ స్టేజే సేఫ్టీ వాల్వ్‌లా తెరుచుకుంటోంది.

ట్యాంక్ నుంచి తీసి ఫస్ట్ స్టేజ్ మూతిలోకి చూడగానే సగం విషయం తెలిసిపోయింది. ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు లేత ఇత్తడి రంగులో ఉంటుంది, ఇది ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చంటే నీళ్ళు, ముఖ్యంగా ఉప్పునీళ్ళు, లోపలికెళ్ళాయని అర్థం. ఎరుపో గోధుమో ఉంటే ట్యాంక్‌లో తుప్పు ఉందని. ఈ ఒక్క చిన్న ముక్కని చూసే అలవాటు ప్రతి డైవర్‌కీ ఉండాలంటా నేను, టార్చ్ వేసి చూస్తే 5 సెకన్ల పని.

విప్పితే సీటు కూర్చునే చోట పచ్చటి పొక్కులు, సీటు మీద గరుకు గీతలు. బావ నమ్మలేకపోయాడు, "మంచినీళ్ళలో రాత్రంతా నానబెట్టానండీ, ఎవరైనా అంతకన్నా ఏం కడుగుతారు" అన్నాడు. అప్పుడు కూర్చోబెట్టి ఆ రోజు ఏం చేశాడో ఒక్కోటీ అడిగా. డస్ట్ క్యాప్‌ని కూడా శుభ్రంగా కడిగాడు, లోపల తడి తుడవకుండా అలాగే బిగించాడు. బకెట్లో నానేటప్పుడు లోపల కూడా కడగాలని సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ పదిసార్లు నొక్కాడు. మర్నాడు తీసి, తువ్వాలుతో తుడిచి, మధ్యాహ్నానికి కవర్లో పెట్టి జిప్ వేశాడు.

పర్జ్ బటన్ దగ్గరే కథ జరిగింది. ట్యాంక్ ప్రెషర్ లేనప్పుడు ఆ బటన్ నొక్కితే సెకండ్ స్టేజ్ వాల్వ్ తెరుచుకుంటుంది, గాలి తోసుకుని రావాల్సిన దారిలో నీళ్ళు వెనక్కి వెళ్తాయి, హోస్ గుండా నేరుగా ఫస్ట్ స్టేజ్‌లోకి. పైగా ప్రెషర్ లేనప్పుడు ఫస్ట్ స్టేజ్ లోపలి వాల్వ్ స్ప్రింగ్ వల్ల తెరుచుకునే ఉంటుంది, కాబట్టి నీళ్ళని ఆపేది ఏదీ లేదు. అది కూడా ఒట్టి మంచినీళ్ళు కాదు, కిట్ మొత్తం వదిలిన ఉప్పు కలిసిన బకెట్ నీళ్ళు. సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది, కిట్‌లోని బట్టా బెల్టూ అందులో ముంచాక ఆ బకెట్ కూడా చిన్న సముద్రమే. ఆ చెంచాడు నీళ్ళు ఇత్తడి గదిలో, చుట్టూ జిప్ వేసిన కవర్లో, దాని చుట్టూ మూత బిగించిన డబ్బాలో 7 నెలలు ఉన్నాయి. ఎండటానికి దారి లేదు.

మరి బామ్మర్ది ఏం చేశాడంటే, అసలు విప్పలేదు. ఆఖరి డైవ్ అయ్యాక బద్ధకించి, రెగ్యులేటర్ ట్యాంక్‌కి ఉండగానే, వాల్వ్ తెరిచే, మొత్తం సెట్టుని నీళ్ళ తొట్టెలో పడేసి పక్కన కూర్చున్నాడు. తర్వాత తీసి, తడిని గాలితో ఊదేసి, కొక్కేనికి తగిలించాడు. ఇది నిజానికి పుస్తకంలో ఉండే పద్ధతే, ప్రెషర్ ఉన్నప్పుడు హోస్‌లో 9 బార్ గాలి కాపలా కాస్తుంది, పర్జ్ నొక్కినా గాలే బయటికొస్తుంది తప్ప నీళ్ళు లోపలికి పోవు. అది తెలిసి చేశాడా అంటే లేదు. "అంటే నేను ఎక్స్‌పర్ట్‌నన్నమాట బావా" అని ఆ రోజంతా ఏడిపించాడు.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, దాచను. సీజన్ ఆఖరి రోజు అందరికీ నేను చెప్పే మాట ఎప్పుడూ ఒకటే, "బాగా కడిగి, బాగా ప్యాక్ చేసి పెట్టుకోండి". బావ అక్షరాలా అదే చేశాడు. ఆ రెండు మాటల మధ్య ఉండాల్సిన "బాగా ఆరబెట్టి" అన్నది నేను ఎప్పుడూ చెప్పలేదు, అందరికీ తెలిసే ఉంటుందని వదిలేశా. ఆరబెట్టడం అంటే పైన చెయ్యి పెడితే పొడిగా తగలడం కాదని కూడా చెప్పలేదు.

ఇప్పుడు ట్యాంకులు. రెండూ 12 లీటర్ల స్టీల్, 232 బార్‌వి. బావ ట్యాంక్ పూర్తిగా ఖాళీ, పాత గాలి మురిగిపోతుందేమోనని ఆఖరి రోజే మొత్తం వదిలేశాడట. వదిలేసి, వాల్వ్ మూయకుండానే పైపుతో కడిగాడు. కింద రబ్బరు బూటు అలాగే ఉంచి మంచం కింద పడుకోబెట్టాడు. వాల్వ్ తీసి తలకిందులు చేస్తే రెండు చెంచాల గోధుమరంగు నీళ్ళు కారాయి. లోపలికి లైట్ దింపితే ఒక పక్క పొడుగునా నారింజరంగు చార, రెండు వేళ్ళ వెడల్పు, మొదలు నుంచి భుజం దాకా. పడుకోబెట్టినప్పుడు నీళ్ళు ఎక్కడ నిలిచాయో అచ్చు అక్కడే.

స్టీల్ ట్యాంక్‌ని నిలబెట్టి ఉంచమనేది ఇందుకే. నిలబెడితే లోపల తేమ ఉన్నా అడుగున చేరుతుంది, అడుగు మందంగా ఉంటుంది. పడుకోబెడితే ఆ తుప్పు పక్కగోడని తింటుంది, అది అడుగుకన్నా పల్చన. ఖాళీగా ఉంచొద్దనేది ఇంకా ముఖ్యం. కంప్రెసర్ నుంచొచ్చే గాలి చాలా పొడిగా ఉంటుంది, 20 బార్ ఉన్నా చాలు బయటి తేమగాలి లోపలికి రాలేదు. సున్నాకి దించి వాల్వ్ తెరిచి ఉంచితే రాత్రి చల్లబడినప్పుడు లోపలికీ పగలు వేడెక్కినప్పుడు బయటికీ ట్యాంక్ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, ప్రతిసారీ కాస్త తేమ లోపల వదిలేస్తుంది.

మరి ఫుల్లుగా నింపి ఎందుకు ఉంచకూడదని బామ్మర్ది అడిగాడు, మంచి ప్రశ్నే. లోపల తేమ ఉంటే, ప్రెషర్ ఎక్కువున్న గాలిలో ఆక్సిజన్ కూడా ఎక్కువుంటుంది కాబట్టి తుప్పు ఇంకా జోరుగా పడుతుంది. తుప్పు పట్టడమంటేనే ఇనుము ఆక్సిజన్‌ని తినడం, అందుకే నెలల తరబడి మూసి ఉన్న స్టీల్ ట్యాంక్‌లో గాలి బాగానే ఉన్నట్టు కనబడుతుంది గానీ అందులో ఆక్సిజన్ తగ్గిపోయి ఉండొచ్చు, పీల్చే మనిషికి వాసనా తెలీదు రుచీ తెలీదు, కళ్ళు తిరిగి పడిపోయేదాకా తెలీదు. కాబట్టి సీజన్ మొదట్లో నిరుటి గాలిని పీల్చొద్దు, వదిలేసి కొత్తగా నింపుకోండి. బామ్మర్ది ట్యాంక్‌లో ఆఖరి డైవ్‌లో మిగిలిన 40 బార్ అలాగే ఉంది, మూలన నిలబడి ఉంది. ఆక్సిజన్ అనలైజర్ పెడితే 20.9 శాతం చూపించింది, మామూలు గాలిలో ఉండేదే, లోపల కూడా శుభ్రంగా మెరుస్తోంది. కానీ రబ్బరు బూటు లాగితే కింద చుట్టూ పెయింట్ ఉబ్బి తుప్పు, బూటుకీ ట్యాంక్‌కీ మధ్య ఉప్పునీళ్ళు అలాగే నిలిచాయి. బూట్లు తీసి కడగడం ఇద్దరూ చెయ్యలేదు, నిజానికి నా స్టూడెంట్లలో ఎవరూ చెయ్యరు.

బావ ట్యాంక్‌ని లోపల రాళ్ళేసి తిప్పే టంబ్లింగ్‌కి పంపాం, తుప్పు పోయాక గుంటలు పెద్ద లోతు లేవు, నీళ్ళతో 348 బార్ ఒత్తిడి పెట్టి చూసే హైడ్రో టెస్ట్ కూడా పాసైంది. ఇంకో రెండేళ్ళు అలాగే మంచం కింద ఉండుంటే పాసయ్యేదని నేననుకోను.

బీసీడీల్లో ఇద్దరూ తప్పు చేశారు, చెరో వైపు నుంచి. బావ గాలంతా పిండేసి, మడతపెట్టి, పట్టీలతో కట్టి వాక్యూమ్ కవర్లో పెట్టాడు. లోపల గాలి నిలిచే బ్లాడర్ అనే సంచి గోడలు రెండూ అతుక్కుపోయాయి, విడదీస్తుంటే ఉప్పు కరకరమంటున్న శబ్దం బయటికి వినిపించింది. ఉప్పు పలుకులకి అంచులుంటాయి, మడతల మధ్య అవి ఏళ్ళ తరబడి రాసుకుంటే బ్లాడర్‌కి సూది బెజ్జాలు పడతాయి. కానీ నన్ను నిజంగా భయపెట్టింది ఇన్‌ఫ్లేటర్. ట్యాంక్ గాలి తెచ్చే లో ప్రెషర్ హోస్ తగిలించగానే, ఎవరూ బటన్ ముట్టుకోకుండానే, జాకెట్ మెల్లగా ఉబ్బడం మొదలైంది. బటన్ కింద ఉన్న చిన్న వాల్వ్ పిన్ ఉప్పుతో పట్టేసి పూర్తిగా మూసుకోవట్లేదు. ఇది నీళ్ళలో జరిగితే మనిషి ఏమీ చెయ్యకుండానే తేలడం మొదలవుతుంది, పైకి వెళ్ళేకొద్దీ జాకెట్లో గాలి ఇంకా వ్యాకోచిస్తుంది, ఇంకా స్పీడుగా లేస్తాడు. 10 మీటర్ల నుంచి పైకొచ్చేసరికి గాలి రెట్టింపవుతుందని క్లాసులో చెప్పుకున్నదే, ఊపిరితిత్తులకి కూడా అదే లెక్క. ఆ రోజు బెంచ్ మీద ఆ జాకెట్ ఉబ్బుతుంటే బావాబామ్మర్దులు ఇద్దరూ మాట్లాడలేదు.

బామ్మర్ది బీసీడీ గాలితోనే ఉంది, తీసే ఓపిక లేక. అందుకే బ్లాడర్ అతుక్కోలేదు, ఇన్‌ఫ్లేటర్ బాగా పనిచేసింది. కానీ లోపల కడగలేదు. తిరగేసి ఇన్‌ఫ్లేటర్ గొట్టం లోంచి వంపితే గ్లాసుడు నీళ్ళొచ్చాయి, 7 నెలల నాటి సముద్రం, వాసన నేను వర్ణించను. అక్కడ పెరిగే బూజు, బ్యాక్టీరియా మామూలుగా మనకి తగలవు, కానీ నోటితో బీసీడీ ఊదేటప్పుడు అటునుంచి గాలి పొరపాటున లోపలికి పీలిస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. దాన్ని డిసిన్ఫెక్టెంట్‌తో మూడుసార్లు కడగాల్సొచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తా. వెట్‌సూట్లు రెండూ 5 మిల్లీమీటర్లవి. నియోప్రీన్ అంటే లోపల వేల గాలి బుడగలున్న రబ్బరు, ఆ బుడగలే వెచ్చదనం, వాక్యూమ్ కవర్లో నెలల తరబడి నొక్కి పెడితే అవి చితుకుతాయి. బావ సూట్ మడతల దగ్గర మందం కొలిచే కాలిపర్ పెడితే 3 మిల్లీమీటర్లే ఉంది, అది మళ్ళీ ఉబ్బదు, ఆ గీత వెంబడి చలి వేస్తుంది. బామ్మర్దిది సన్నటి ఇనుప హ్యాంగర్‌కి వేలాడి భుజాల దగ్గర ముక్కుల్లా సాగింది, పైగా కిటికీ పక్కన ఉండి ఒక చెయ్యి ఎండకి వెలిసి గట్టిపడింది. ఇద్దరివీ లాసే. కాళ్ళకి తొడుక్కునే ఫిన్స్‌లో మాత్రం బావ గెలిచాడు, కొన్నప్పుడొచ్చిన ప్లాస్టిక్ అచ్చులు దాచి మళ్ళీ పాదం జేబుల్లో పెట్టాడు, కొత్తవాటిలా ఉన్నాయి, బామ్మర్దివి గోడకి కొనల మీద నిలబెట్టి విల్లులా వంగిపోయాయి, వేడినీళ్ళలో ముంచి బరువు పెడితే ముప్పావు వంతు సర్దుకున్నాయి. టార్చ్ కూడా అంతే, బావ బ్యాటరీలు తీసి పెట్టాడు, బామ్మర్ది ఆల్కలైన్ బ్యాటరీలు కారిపోయి లోపల తెల్లగా పేరుకుంది, టార్చ్ పోయింది. మాస్క్‌ని బావ నల్ల గ్లోవ్స్ పక్కనే పెట్టడంతో తెల్ల సిలికాన్ అంతా గోధుమరంగు తిరిగింది, పనికేం అడ్డం లేదు, చూడ్డానికే బాలేదు. లోతు, టైమ్ లెక్కేసే బావ డైవ్ కంప్యూటర్ చచ్చిపోయింది, దానికి నీళ్ళు తగిలితే ఆన్ అయ్యే రెండు మెటల్ చుక్కలుంటాయి, తడి కవర్లో అది ఇంకా డైవ్‌లోనే ఉన్నాననుకుని బ్యాటరీ అయిపోయేదాకా మెలకువగా ఉండిపోయింది. బామ్మర్ది తనది రోజూ చేతికి పెట్టుకుని తిరిగాడట, అందరూ అడగాలని.

రిపేర్ల తర్వాత ఆలోచిస్తే, వెట్‌సూట్ మడతలు, మాస్క్ రంగు పక్కన పెడితే, బావ కిట్‌లో పోయినవాటన్నిటికీ మూలం ఒక్కటే, లోపల తడి ఉండగానే పెట్టేయడం. ఫిల్టర్, సీటు, ఇన్‌ఫ్లేటర్ పిన్, కంప్యూటర్, ట్యాంక్, అన్నిట్లోనూ అదే. ఉప్పు ఎండిపోతే ఒట్టి పొడి, లోహానికి అంత హాని ఉండదు, నీళ్ళతో కలిసి నెలల తరబడి లోహాన్ని ముట్టుకుని ఉంటేనే పని మొదలుపెడుతుంది. బామ్మర్ది కిట్‌లో పోయినవి మాత్రం గాలికి వదిలేసినందుకు కాదు, ఎండ, బరువు, పురుగులు, కడగకుండా వదిలిన లోపలి భాగాల వల్ల.

మరుసటి సీజన్ అయిపోయాక ఇద్దరితోనూ నా ఎదురుగానే చేయించా. ముందు రెగ్యులేటర్ని ట్యాంక్ ప్రెషర్‌తో గోరువెచ్చటి నీళ్ళలో అరగంట, ఉప్పు గట్టిపడకముందే, అదే రోజు. నీళ్ళు రెండుసార్లు మార్చాం. హోస్ ప్రొటెక్టర్లు (హోస్ చివర్ల మీదుండే తొడుగులు) వెనక్కి లాగి కింద కడిగాం, అక్కడ ఉప్పు దాక్కుంటుంది. డస్ట్ క్యాప్ లోపల పొడిబట్టతో తుడిచాకే బిగించడం, ట్యాంక్ గాలితో ఊదేటప్పుడు ఫిల్టర్ వైపు గురిపెట్టకూడదు, ఉన్న తడి లోపలికి పోతుంది. సెకండ్ స్టేజ్‌కి అడ్జస్ట్‌మెంట్ నాబ్ ఉంది కాబట్టి అది పూర్తిగా వదులు చేసి పెట్టించా, లేకపోతే ఆ చిన్న సీటు నెలలపాటు స్ప్రింగ్ ఒత్తిడికి నొక్కుకుపోయి గాడి పడుతుంది. బీసీడీలో మూడోవంతు మంచినీళ్ళు పోసి, గాలి నింపి, ఊపి, ఒకసారి ఇన్‌ఫ్లేటర్ నుంచి ఒకసారి గాలి వదిలే డంప్ వాల్వ్ నుంచి వదలడం, నీళ్ళు నాలిక్కి ఉప్పగా తగలనంత వరకు.

ఆ తర్వాత ఆరబెట్టడం, ఇక్కడ బావకి ఓపిక పరీక్ష. నీడలో, ఫ్యాన్ కింద, 3 రోజులు, బీసీడీని రోజుకోసారి తిరగేసి మిగిలిన చుక్కలు వంపాలి, మొదటిరోజే పొడిగా ఉందన్నాడు, మూడోరోజు వంపితే ఇంకా అరచెంచా వచ్చింది. అప్పుడు గాని నమ్మలేదు.

పెట్టడం మాత్రం సింపుల్. బీసీడీ సగం గాలితో, వెడల్పాటి హ్యాంగర్‌కి. వెట్‌సూట్ కూడా వెడల్పు హ్యాంగర్‌కే, జిప్ తెరిచి. రెగ్యులేటర్ హోసులు పెద్ద చుట్టగా, మెలికల్లేకుండా, గుడ్డసంచిలో, మౌత్‌పీసులకి మెత్తటి వల కట్టి, బొద్దింక దూరకూడదు గాలి ఆడాలి. ట్యాంకులు బూట్లు లేకుండా 20 బార్‌తో నిలువుగా, పడకుండా గోడకి తాడేసి. కొక్కెం ఉన్న గది కూడా వెళ్ళి చూశా, బామ్మర్ది ఇంట్లో అది నీళ్ళ మోటార్ పక్కనే ఉంది, బ్రష్‌లుండే మోటారైతే తిరిగేటప్పుడు వచ్చే నిప్పురవ్వల వల్ల కాస్త ఓజోన్ పుడుతుంది, అది సాగదీసి ఉన్న రబ్బరుకి పగుళ్ళు తెస్తుంది, అందుకని కొక్కెం వేరే గదికి మార్పించా. మోటార్ మాట చెప్తే "అన్నా నువ్వు మరీ" అన్నాడు, ఏమో గాని పోయిన ఏడాది అతని ఫిన్ పట్టీల మీద సన్నటి గీతలు నేను చూశా.

ఆ ఆఫ్ సీజన్ 6 నెలలు. మళ్ళీ బెంచ్ మీద పెడితే రెండు రెగ్యులేటర్లూ వాక్యూమ్ టెస్ట్ పాస్, ఐపీ బావది 9.5, బామ్మర్దిది 9.4, రెండూ కదల్లేదు, ఫిల్టర్లు మెరుస్తున్నాయి. ట్యాంకుల లోపల కొత్త తుప్పు లేదు. అయినా ఏడాది సర్వీస్ టైమ్ వచ్చిందని సీట్లు, ఓ రింగులు మార్చేశా, డైవులు తక్కువ చేశాం కదా అని బావ అడిగాడు గానీ రబ్బరు డైవులు లెక్కపెట్టుకోదు, క్యాలెండర్ చూసుకుంటుంది. బావ వెట్‌సూట్‌లో ఆ మడత గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, నడుం దగ్గర చలేస్తోందని కింద సన్నటి చొక్కాలాంటిది వేసుకుంటున్నాడు, కొత్తది కొనడట, ఇది బాగానే ఉందట.

నేను ఆఖరి రోజు చెప్పే మాట మార్చుకున్నా, ఇప్పుడు అరగంట పడుతోంది, బీసీడీ తిరగేసి అరచెంచా నీళ్ళు వంపి చూపించాకే వదులుతున్నా. బావ ఆ క్లిప్పుల డబ్బా పారేయలేదు, అందులో సీసం బరువులు వేసుకున్నాడు, మూత మాత్రం బామ్మర్ది ఎక్కడో దాచేశాడట, ఇంకా ఇవ్వలేదు.